చెట్టు కప్పల చుట్టరికాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

వానాకాలం మొదలైతే చాలు, తెలిసినవాళ్లు నాకు ఫోన్‌లో ఫోటోలు పంపిస్తారు. బాత్‌రూమ్ గోడ మీదో, తలుపు చాటునో, నీళ్ల ట్యాంకు మూత కిందో అతుక్కుని ఉన్న గోధుమ రంగు కప్ప. "ఇదేంటండీ, బల్లిలా గోడెక్కింది!" అంటారు. పేరు చెప్పగానే ఇంకో ప్రశ్న, దాని వెనక మరొకటి. అటు తిరిగి ఇటు తిరిగి అన్నీ ఒక్క చోటికే వస్తాయి: ఇది ఏ కప్పకు చుట్టం? నేను చదువుకున్న రోజుల్లో పుస్తకంలో ఉన్న జవాబు ఇప్పుడు చాలావరకు మారిపోయింది. అందుకే ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఒక్కచోట రాస్తున్నాను.

ఇంట్లోకి వచ్చే ఆ కప్ప పేరేమిటి?

తెలుగు రాష్ట్రాల్లో ఇంటి గోడల మీద కనిపించేది దాదాపు ఎప్పుడూ పాలిపెడేట్స్ మాక్యులేటస్. మనం మామూలుగా చెట్టు కప్ప అంటాం. మగవి ఐదారు సెంటీమీటర్లుంటాయి, ఆడవి ఏడెనిమిది దాకా పెరుగుతాయి. రంగు మారుస్తుంది: ఒక పూట ముదురు గోధుమ రంగులో ఉన్నదే ఇంకో పూట పాలిపోయి బూడిద రంగులో కనిపిస్తుంది. రెండూ వేరువేరు కప్పలని చాలామంది పొరబడతారు. గుర్తుపట్టడానికి మంచి ఆనవాలు తొడల వెనక భాగం. అక్కడ ముదురు రంగు మీద గుండ్రటి పసుపు మచ్చలుంటాయి. కూర్చున్నప్పుడు కనిపించవు, కాలు చాపి దూకబోయే క్షణంలో మెరుస్తాయి.

శాస్త్రీయ నామంలో రెండు మాటలెందుకు?

మన తెలుగువాళ్లకు ఇది చాలా తేలిక. ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. పాలిపెడేట్స్ అనేది ప్రజాతి, అంటే ఇంటిపేరు లాంటిది. మాక్యులేటస్ జాతి పేరు, మచ్చలున్నది అని అర్థం. దగ్గరి చుట్టాలైన కొన్ని జాతులు కలిస్తే ప్రజాతి, కొన్ని ప్రజాతులు కలిస్తే కుటుంబం. మన చెట్టు కప్ప కుటుంబం పేరు ర్యాకోఫోరిడే. ఆపైన క్రమం అనురా. ప్రపంచంలోని కప్పలన్నీ, ఒంటి మీద బొడిపెలుండే టోడ్‌లతో సహా, ఆ క్రమంలోవే. ఇప్పటిదాకా పేరు పెట్టినవి 7,500కు పైనే.

చెట్టు కప్పలన్నీ ఒకే కుటుంబమా?

కాదు. మిగతా జవాబులన్నీ ఈ ఒక్క మాట మీదే ఆధారపడ్డాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చెట్టెక్కి బతకడం ఒక వృత్తి. ఊళ్లో ఇద్దరు లారీ డ్రైవర్లు ఉంటే వాళ్లిద్దరూ అన్నదమ్ములు అయి తీరాలని లేదు కదా. చెట్టు కప్ప అనే మాట ఆ జీవి చేసే పనిని చెబుతుంది, దాని వంశాన్ని చెప్పదు.

అమెరికా ఖండాల్లోనూ, యూరప్‌లోనూ ఎవరైనా చెట్టు కప్ప అంటే వాళ్ల మనసులో ఉండేది హైలిడే కుటుంబం. ఆస్ట్రేలియా, న్యూగినీ చెట్టు కప్పలను, మధ్య, దక్షిణ అమెరికాల ఆకు కప్పలను కూడా అందులోనే కలిపి చూస్తే వెయ్యికి పైగా జాతులున్న మహా కుటుంబం అది. 2016లో డ్యూల్‌మన్, ఆయన సహచరులు ఈ మూడింటినీ హైలిడే, పెలోడ్రయాడిడే, ఫిల్లోమెడుసిడే అని మూడు కుటుంబాలుగా విడదీశారు. కొందరు ఆ విభజనను ఒప్పుకున్నారు, కొందరు ఒకే కుటుంబంలో మూడు ఉపకుటుంబాలుగా ఉంచుతున్నారు. ఈ మూడు గుంపులూ ఒకదానికొకటి దగ్గరివే అన్న విషయంలో మాత్రం తగాదా లేదు.

దక్షిణాసియా, ఆగ్నేయాసియా, చైనా, జపాన్‌లలో చెట్టు కప్ప అంటే ఎక్కువగా ర్యాకోఫోరిడే. 400కు పైగా జాతులు. ఆఫ్రికాలో రెల్లు మొక్కలను పట్టుకుని బతికే హైపరోలియిడే కుటుంబం వేరే. మడగాస్కర్‌లోని బూఫిస్ ప్రజాతి మాంటెల్లిడే అనే మరో కుటుంబానిది. పొట్ట చర్మంలోంచి లోపలి అవయవాలు కనిపించే గాజు కప్పలు మధ్య, దక్షిణ అమెరికాల్లో ఉంటాయి, వాటిది సెంట్రోలెనిడే. ఇవి చాలవన్నట్టు పడమటి కనుమల్లో చెట్టెక్కే టోడ్ కూడా ఉంది, దాని పేరు పెడోస్టిబెస్ ట్యూబర్‌క్యులోసస్. టోడ్ అంటే నేల మీద గెంతుతూ తిరిగేదే అనుకునేవాళ్లకు దాన్ని చూపిస్తే నమ్మరు.

చూడటానికి అచ్చం ఒకేలా ఉంటే చుట్టాలు కాదని ఎలా తేల్చారు?

పైకి చూసి తేల్చలేదు, పైకి చూసినప్పుడు పొరబాటే జరిగింది. 1858లో లండన్ బ్రిటిష్ మ్యూజియం కప్పల జాబితా తయారుచేసిన గుంథర్, వేళ్ల కొసలు వెడల్పుగా ఉన్నవాటిని ఒక పక్క, సన్నగా ఉన్నవాటిని ఇంకో పక్క పెట్టాడు. చేతిలో ఉన్నది సారాలో ఊరిన కప్ప, కంటికి ముందు కనిపించేది వేళ్లే. ఆ రోజుల్లో అది సహజమైన ఆలోచనే.

కోప్ లాంటి శాస్త్రవేత్తలు ఆ తర్వాత ఎముకల దగ్గరికి వెళ్లారు. కప్ప రొమ్ము దగ్గర, ముందు కాళ్లను మోసే ఎముకల చట్రం ఒకటుంటుంది, ఉరోమేఖల అంటారు. హైలిడే కప్పల్లో దీని రెండు వైపుల మృదులాస్థి పలకలు చొక్కా బొత్తాల పట్టీల్లా ఒకదాని మీదికి ఒకటి వచ్చి, అటూ ఇటూ కదులుతాయి. ర్యాకోఫోరిడే కప్పల్లో అవే పలకలు నడుమ కుట్టేసినట్టు అతుక్కుపోయి ఉంటాయి. చెరువు గట్టున దూకే మామూలు కప్పల్లోనూ ఇలాగే అతుక్కుని ఉంటాయి. అందుకే 1882లో బూలెంజర్ ఆసియా చెట్టు కప్పలను చెరువు కప్పల కుటుంబమైన రానిడేలో పెట్టాడు. ఇప్పుడు వాటికి సొంత కుటుంబం ఉంది గానీ, ఆయన చూపిన దిక్కు సరైనదే. బాత్‌రూమ్ గోడ మీది ఈ కప్పకు యూరప్ చెట్టు కప్పకంటే మన పొలం గట్టు కప్పే దగ్గరి చుట్టం.

వేళ్లలో కూడా తేడా ఉంది. రెండు కుటుంబాల్లోనూ చివరి రెండు వేలి ఎముకల మధ్య ఒక చిన్న అదనపు ముక్క ఉంటుంది, వేలు ఒంగి ఆకును పట్టుకోవడానికి అది సాయపడుతుంది. అయితే కొస ఎముక హైలిడేలో పిల్లి గోరులా వంకరగా ఉంటే, ర్యాకోఫోరిడేలో చాలావాటికి పంగలకర్రలా చీలి ఉంటుంది. 1970లో లియెమ్ అనే శాస్త్రవేత్త ఆసియా, ఆఫ్రికా చెట్టు కప్పల ఎముకలను, కండరాలను వరసగా పోల్చి చూసి పెద్ద పుస్తకమే రాశాడు. తర్వాత డీఎన్‌ఏ వచ్చింది. ఎముకలు చెప్పిన చాలా మాటలను అది నిజమని తేల్చింది, కొన్నింటిని కొట్టేసింది.

మన చెట్టు కప్పకు మొదట పెట్టిన పేరేమిటి?

హైలా మాక్యులేటా. 1830లో జాన్ ఎడ్వర్డ్ గ్రే పెట్టాడు. హైలా అంటే యూరప్ చెట్టు కప్పల ఇంటిపేరు. 1758లో లిన్నేయస్ కప్పలన్నింటినీ రానా అనే ఒకే ఇంటిపేరు కింద రాసేశాడు, యూరప్ చెట్టు కప్ప కూడా అప్పుడు రానా అర్బోరియానే. పదేళ్ల తర్వాత 1768లో లారెంటి చెట్టు కప్పల కోసం హైలా అనే ప్రజాతిని ఏర్పరిచాడు. దాంతో ప్రపంచంలో ఎక్కడ చెట్టెక్కే కప్ప దొరికినా హైలా అనేయడం అలవాటైంది.

నాకు బాగా ఇష్టమైన సంగతి దీనికి రెండో సగం. 1870లో జెర్డన్ మేఘాలయలోని ఖాసీ కొండల కప్ప ఒకదానికి పాలిపెడేట్స్ అనెక్టాన్స్ అని పేరు పెట్టాడు. అది నిజానికి హైలిడే కుటుంబపు కప్ప! ఇప్పుడు దాని పేరు హైలా అనెక్టాన్స్. అంటే అసలైన హైలాకు పాలిపెడేట్స్ అని, అసలైన పాలిపెడేట్స్‌కు హైలా అని పేర్లు పడ్డాయి. పుట్టిన ఆసుపత్రిలో ఇద్దరు బిడ్డలు తారుమారైనట్టు. గ్రే, జెర్డన్ ఇద్దరూ గొప్ప పరిశీలకులే, వాళ్లను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. వేర్వేరు వంశాల కప్పలు ఒకే రకం బతుకులో పడి ఎంతగా ఒకేలా తయారయ్యాయో ఈ తారుమారు కంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు ఇంకొకటి కనిపించలేదు.

జెర్డన్ మనకు కొత్తవాడు కాదు. మద్రాసు సైన్యంలో డాక్టరు, కొన్నేళ్లు నెల్లూరులో సివిల్ సర్జన్. 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించిన కలివికోడి ఇంగ్లిష్ పేరులో ఉన్న జెర్డన్ ఈయనే.

వేలి చివరి మెత్తలు ఒక్కసారే పుట్టి అందరికీ వచ్చాయా?

వేర్వేరు వంశాల్లో వేర్వేరుగా పుట్టాయి. సూక్ష్మదర్శిని కింద చూస్తే హైలిడే మెత్తలోనూ, ర్యాకోఫోరిడే మెత్తలోనూ తేనెపట్టు గదుల్లా ఆరు పలకల కణాలు పరిచి ఉంటాయి. వాటి మధ్య సన్నటి కాలువలుంటాయి, అందులో పలుచటి జిగురు ద్రవం పారుతుంది. తడి గాజు మీద ఇంకో తడి గాజు పలక అతుక్కున్నట్టు, ఆ పలుచటి ద్రవపు పొరతో కప్ప గోడకు అతుక్కుంటుంది. ఒకే సమస్యకు ప్రకృతిలో ఒకే పరిష్కారం మళ్లీ మళ్లీ రావడాన్ని అభిసారి పరిణామం అంటారు.

ఇంకో ఉదాహరణ చర్మం. దక్షిణ అమెరికాలో ఫిల్లోమెడుసా సావజీ అనే ఆకు కప్ప ఒంట్లోంచి మైనం లాంటి పదార్థం స్రవించి, నాలుగు కాళ్లతో ఒళ్లంతా పూసుకుంటుంది, ఒంట్లో తడి ఆరిపోకుండా. మన పాలిపెడేట్స్ మాక్యులేటస్ కూడా చర్మ ద్రవాన్ని కాళ్లతో ఇలాగే తుడుచుకుంటూ పూసుకుంటుంది. 1997లో దీని మీద పరిశోధన పత్రం వచ్చింది. ఇక ఆఫ్రికాలోని కైరోమాంటిస్ మన కప్ప కుటుంబానిదే. నీళ్లు ఆదా చేయడానికి అది పక్షుల్లా యూరిక్ ఆమ్లం విసర్జిస్తుంది. సావజీ కూడా అంతే. మామూలు కప్పలు యూరియా రూపంలో బోలెడు నీళ్లు పోగొట్టుకుంటాయి. మహాసముద్రానికి అటూ ఇటూ ఉన్న ఇద్దరు ఒకరినొకరు చూడకుండానే ఒకే చిట్కా కనిపెట్టారు.

ఈ రెండు వంశాలు ఎప్పుడు విడిపోయాయి?

హైలిడే ఉన్న కొమ్మ హైలోయిడియా. ర్యాకోఫోరిడే ఉన్న కొమ్మ రానోయిడియా. ఈ రెండు కొమ్మలు డైనోసార్ల కాలంలోనే, పది కోట్ల ఏళ్లకు ముందే విడిపోయాయి. మన వాడుకలో వేలు విడిచిన మేనమామ అంటామే, ఇది అంతకంటే ఎన్నో రెట్లు దూరం.

అయితే కొమ్మ పుట్టడం వేరు, అది చిగుళ్లేసి విస్తరించడం వేరు. 2017లో చైనా, అమెరికా శాస్త్రవేత్తలు 156 జాతుల కప్పల నుంచి 95 జన్యువులు తీసుకుని వంశవృక్షం గీశారు. ఈనాటి కప్పల్లో దాదాపు 88 శాతం మూడే మూడు వంశాల నుంచి వచ్చాయని, ఆ మూడూ 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లు అంతరించిన సమయానికి అటూ ఇటుగా ఒక్కసారి విస్తరించాయని వాళ్లు తేల్చారు. అప్పుడు అడవులు నాశనమై, పూల మొక్కలతో మళ్లీ పెరిగాయి. కొత్త చెట్లు, ఖాళీ కొమ్మలు. చెట్టెక్కే బతుకు పలు వంశాల్లో విడివిడిగా మొదలవడానికి అదొక కారణమై ఉంటుందని వాళ్ల ఊహ. నాకు ఇది నమ్మదగ్గదిగానే అనిపిస్తుంది.

మన ర్యాకోఫోరిడే కప్పలు భారతదేశంలోనే పుట్టాయా?

దీని మీద ఇంకా వాదన నడుస్తోంది. వాదన అర్థం కావాలంటే ముందు చుట్టరికం తెలియాలి. ర్యాకోఫోరిడేకు అతి దగ్గరి కుటుంబం మడగాస్కర్‌లోని మాంటెల్లిడే. బెల్జియంకు చెందిన ఫ్రాంకీ బోసూయ్, మిలింకోవిచ్ 2000లో డీఎన్‌ఏ ఆధారంగా దీన్ని బలంగా చూపించారు. అంతకుముందు మడగాస్కర్ బూఫిస్ కప్పలను పోలికలను బట్టి ర్యాకోఫోరిడేలోనే రాసేవారు.

మడగాస్కర్, భారతదేశం ఒకప్పుడు ఒకే భూభాగం. సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయి. భారత్ ఉత్తరానికి కదులుతూ వచ్చి, 5 కోట్ల ఏళ్లకు పైగా కిందట ఆసియాను తాకింది. దీన్ని బట్టి ఒక వాదం: కప్పలు భారత్ అనే పడవెక్కి వచ్చి, ఇక్కడి నుంచి ఆసియాలోకి దిగాయి. 2001లో వాళ్లిద్దరే ఈ వాదాన్ని ముందుకు తెచ్చారు. రెండో వాదం: ర్యాకోఫోరిడే పాత కొమ్మలు తూర్పు ఆసియాలో ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఉదాహరణకు జపాన్, తైవాన్‌లలోని బ్యుర్గేరియా ప్రజాతి మిగతా కుటుంబమంతటికీ అక్క వరస. కాబట్టి విస్తరణ అక్కడ మొదలై, తర్వాత భారత్‌కు తిరిగి వచ్చి ఉండాలి. కొత్త పరిశోధనలు చాలావరకు ఈ రెండో దాని వైపు మొగ్గుతున్నాయి. రెండూ పూర్తిగా ఎదురెదురు కావు. మొదటి పూర్వీకులు భారత్ మీద ప్రయాణించి, తూర్పు ఆసియాకు వెళ్లి విస్తరించి, పిల్లల పిల్లలు మళ్లీ పుట్టింటికి వచ్చి ఉండవచ్చు.

పడవ కథ కల్పన కాదనడానికి వేరే వంశంలో సాక్ష్యం ఉంది. 2003లో కేరళ కొండల్లో మన దేశపు కప్పల శాస్త్రవేత్త బిజు, బోసూయ్ పేరు పెట్టిన ఊదా రంగు కప్ప నాసికాబట్రాకస్‌కు దగ్గరి చుట్టాలు ఎక్కడో కాదు, హిందూ మహాసముద్రం నడుమ సీషెల్స్ దీవుల్లో ఉన్నాయి. చెట్టెక్కే కప్ప కాదది, ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉంటుంది.

మరి భారతదేశంలో హైలిడే అసలే లేవా?

ఉన్నాయి, ఈశాన్యంలో. పైన చెప్పిన హైలా అనెక్టాన్స్ అదే. హైలిడే పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్కడి నుంచి ఉత్తర అమెరికా, ఒకప్పుడు ఆ రెండు ఖండాలను కలిపిన బేరింగ్ భూసంధి మీదుగా ఆసియా, అక్కడి నుంచి యూరప్. ఆ దారిలో ఒక కొస ఖాసీ కొండలకు చేరింది. అనెక్టాన్స్ అంటే లాటిన్‌లో కలిపేది అని అర్థం. రెండు మహా వంశాలు ఒకే అడవిలో కలిసి ఉండే చోటు కాబట్టి ఆ పేరు దానికి బాగా నప్పింది.

నురగ గూడు కట్టేవన్నీ చుట్టాలేనా?

కుటుంబం లోపల కొంతవరకు అవును, బయట కాదు. పాలిపెడేట్స్ ఆడది నీళ్ల పైన ఆకు మీదో, తొట్టి గోడ మీదో ద్రవం విడిచి, వెనక కాళ్లతో గిలక్కొట్టినట్టు కొట్టి నురగ చేసి, అందులో గుడ్లు పెడుతుంది. కొన్ని రోజులకు తోకకప్పలు కింద నీళ్లలోకి జారిపడతాయి. ర్యాకోఫోరస్, కైరోమాంటిస్ కూడా నురగ గూళ్లే కడతాయి. ఇదే పని దక్షిణ అమెరికాలోని లెప్టోడాక్టిలిడే కప్పలు చేస్తాయి, ఆస్ట్రేలియాలోని లిమ్నోడైనాస్టిడే కప్పలూ చేస్తాయి. వాటికీ వీటికీ ఏ దగ్గరి సంబంధమూ లేదు.

అదే ర్యాకోఫోరిడేలో ఉన్న రావోర్కెస్టిస్ అనే పొద కప్పలు నురగ కట్టవు. తోకకప్ప దశే ఉండదు. గుడ్డులోంచి నేరుగా చిన్ని కప్ప బయటికి వస్తుంది. పడమటి కనుమల్లో రావోర్కెస్టిస్ చలజోడిస్ మగవి వెదురు కణుపుల లోపల గుడ్లకు కాపలా కాస్తాయి. డార్జిలింగ్ దగ్గర జెర్డన్ సేకరించిన ఒక కప్ప వందేళ్లకు పైగా ఎవరికీ కనబడలేదు. 2007లో బిజు బృందానికి చెట్టు తొర్రల్లో దొరికింది, 2016లో ఫ్రాంకిక్సాలస్ అనే కొత్త ప్రజాతిగా ప్రకటించారు. ఆ తొర్ర నీళ్లలోని తోకకప్పలకు తల్లి పెట్టే గుడ్లే ఆహారం. ఒకే కుటుంబంలో ఇన్ని తీర్ల పిల్లల పెంపకం చూస్తే, గుడ్లు పెట్టే పద్ధతి ఒక్కటే చూసి వంశం తేల్చడం ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

ఎగిరే కప్పలు?

అవి ఎగరవు, జారుతూ దిగుతాయి. వేళ్ల మధ్య చర్మం గొడుగులా విప్పుకుని కొమ్మ నుంచి కొమ్మకు గాలిలో తేలుతాయి. ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ బోర్నియో దీవిలోని సారవాక్‌లో చూసిన కప్పను 1869లో వర్ణించాడు, 1895లో బూలెంజర్ దానికి ర్యాకోఫోరస్ నైగ్రోపాల్మేటస్ అని పేరు పెట్టాడు. మన పడమటి కనుమల ర్యాకోఫోరస్ మలబారికస్‌కు 1870లో పేరు పెట్టింది, మళ్లీ, జెర్డనే. మధ్య అమెరికాలో ఎక్నోమియోహైలా అనే హైలిడే కప్పలు కూడా ఇలాగే జారతాయి. ఇక్కడా అదే కథ, వంశాలు వేరు.

పేర్లు ఎందుకు ఇన్నిసార్లు మారుస్తారు? గుర్తుపెట్టుకోవడం టెన్షన్‌గా ఉంది.

ఈ కోపం నాకు తెలుసు, న్యాయమైనదే. కప్పలతక్కెడ అనే మాట మనకు ఊరికే రాలేదు. ఒకదాన్ని తక్కెడలో పెడితే ఇంకోటి దూకుతుంది. వర్గీకరణలో కూడా ఒక ప్రజాతిని సర్దితే పక్కది కదులుతుంది.

కారణం ఒక నియమం. ఒక పేరు కింద ఉన్న జీవులన్నీ ఒకే పూర్వీకుడి సంతానం కావాలి, ఆ పూర్వీకుడి సంతానమంతా ఆ పేరు కిందే ఉండాలి. ఇంట్లో ఒక కొడుకును వదిలేసి, పక్కింటి అబ్బాయిని కలిపి రేషన్ కార్డు రాస్తే అది కుటుంబం కాదు కదా. పాత ప్రజాతులు చాలావరకు అలాంటి కార్డులే. ఫైలౌటస్ అనే పేరు కింద దక్షిణాసియా చిన్న పొద కప్పలన్నింటినీ రాసేవారు. డీఎన్‌ఏ చూశాక పడమటి కనుమలవి, శ్రీలంకవి, ఆగ్నేయాసియావి వేర్వేరు కొమ్మలని తేలింది. 2010లో బిజు, దత్తా, బోసూయ్, ఇంకా ఇద్దరు కలిసి భారతీయ కొమ్మకు రావోర్కెస్టిస్ అని పేరు పెట్టారు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో జంతుశాస్త్రం బోధించి, దక్షిణ భారత కప్పల మీద తొలినాళ్లలో లోతుగా పనిచేసిన సి.ఆర్. నారాయణరావు గౌరవార్థం. ఒక మాస్టారి పేరు 70కి పైగా కప్ప జాతులకు ఇంటిపేరు కావడం నాకు గొప్పగా అనిపిస్తుంది. శ్రీలంక కొమ్మది సూడోఫైలౌటస్. దాని పూర్వీకులు భారత్ నుంచి శ్రీలంకకు వెళ్లాయి, అక్కడ విస్తరించాయి, కొన్ని మళ్లీ పడమటి కనుమలకు తిరిగి వచ్చాయి.

అలాగే 2019లో ర్యాకోఫోరస్‌ను మూడు ముక్కలు చేసి జాంగిక్సాలస్, లెప్టోమాంటిస్ వేరు చేశారు. ఉత్తర అమెరికా, తూర్పు ఆసియా హైలాలు చాలావరకు డ్రయోఫైటిస్ అయ్యాయి. మన ఇళ్ల చుట్టూ తిరిగే టోడ్ బ్యూఫో నుంచి డుట్టాఫ్రైనస్‌కు మారింది, ఒడిశా శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా పేరు మీద. ఒక ఊరట ఉంది: ఇంటిపేరు మారినా సొంత పేరు సాధారణంగా అలాగే ఉంటుంది, లాటిన్ లింగాన్ని బట్టి చివరి అక్షరం మారుతుందంతే. 1830 నాటి మాక్యులేటా ఈరోజు మాక్యులేటస్. కాబట్టి రెండో మాటను పట్టుకుని వెతకండి, పాత పుస్తకంలోని కప్ప కూడా దొరుకుతుంది.

డీఎన్‌ఏ ఒక్కటీ చాలదా?

చాలదు. ఒక్క జన్యువును బట్టి గీసిన వృక్షం ఇంకో జన్యువుతో తేడా రావచ్చు. పైగా కప్ప ఎలా పిలుస్తుంది, గుడ్లు ఎక్కడ పెడుతుంది, తోకకప్ప నోరు ఎలా ఉంటుంది అనేవి తెలియకపోతే చేతిలో ఉన్నది వృక్షం మాత్రమే, జీవి కాదు. రావోర్కెస్టిస్ జాతులు కొన్ని పక్కపక్కన పెట్టినా కంటికి తేడా తెలియదు, రాత్రి మగవాటి పిలుపు వింటే మాత్రం ఇట్టే విడిపోతాయి. వాటికి సరిహద్దు గీసేది ఆ పిలుపే, ఎందుకంటే ఆడది వినేది దాన్నే.

తెలుగు నేల మీద ర్యాకోఫోరిడే ఇంకేమున్నాయి?

పడమటి కనుమలంత వైవిధ్యం మనకు లేదు, తూర్పు కనుమలు అంతకంటే పొడిగా, తెగిపోయిన ముక్కలుగా ఉంటాయి. అయినా 1998లో ఇంద్రనీల్ దాస్, చందా విశాఖపట్నం జిల్లా కొండల నుంచి ఫైలౌటస్ టెరెబ్రాన్స్ అనే పొద కప్పను వర్ణించారు. తర్వాత అది రావోర్కెస్టిస్ కొమ్మలోకి చేరింది. పడమటి కనుమల కప్పల చుట్టం ఇంత దూరం ఎలా వచ్చింది? మధ్యలో ఉన్న పొడి మైదానాలను అంత చిన్న, తేమ లేకపోతే బతకలేని కప్ప దాటలేదు. ఒకప్పుడు తడి అడవి ఇంకా విశాలంగా పరుచుకుని ఉండేదని, అది కుంచించుకుపోయాక కొండల మీద ఈ ముక్కలు మిగిలాయని అనుకోవడమే సబబు. పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి వైపు వానాకాలం రాత్రులు తిరిగి వినే యువ పరిశోధకులు ఇంకా ఎక్కువమంది కావాలని నా కోరిక.

వర్గీకరణ మారితే ఎవరికి లాభం?

కప్పలకు. ఒక పేరు కింద విశాలంగా ఉందనుకున్నది నిజానికి ఐదు జాతులైతే, వాటిలో ఒకటి ఒకే కొండకు పరిమితమై ఉండవచ్చు. పేరు లేని జాతిని ఎవరూ లెక్కపెట్టరు, లెక్కలో లేనిదాన్ని ఎవరూ కాపాడరు. 2010లో పేరు పొందిన రావోర్కెస్టిస్ రెస్‌ప్లెండెన్స్ అనే ఎర్రటి కప్ప కేరళలో ఆనముడి శిఖరం చుట్టుపక్కల కొద్దిపాటి గడ్డి నేలలోనే ఉంది. శ్రీలంకలో డజనుకు పైగా సూడోఫైలౌటస్ జాతులు మ్యూజియం సీసాల్లో మాత్రమే మిగిలాయి. వాటిలో కొన్నింటికి పేరు పెట్టే నాటికే అవి లేవు.

ఇంట్లోకి వస్తే ప్రమాదమా?

లేదు. కరవదు, విషం చిమ్మదు. పట్టుకోవాల్సి వస్తే చేతులు నీళ్లతో తడుపుకోండి, సబ్బు, క్రీము లేకుండా చూసుకోండి, దాని చర్మం అన్నింటినీ పీల్చుకుంటుంది. బయట మొక్కల దగ్గర వదిలి, తర్వాత చేతులు కడుక్కోండి. ఉప్పు చల్లడం, ఫినాయిల్ పోయడం దయచేసి చేయకండి.

ఫోటో పంపితే జాతి చెప్పగలరా?

చాలాసార్లు చెప్పొచ్చు, సరైన ఫోటో ఉంటే. పై నుంచి ఒకటి, పక్క నుంచి కన్ను, చెవి గుండ్రం కనిపించేలా ఒకటి, ముందు చేతి వేళ్లు దగ్గరగా ఒకటి, వీలైతే తొడ వెనక మచ్చలు. ఊరు, తేదీ రాయండి. అన్నింటికంటే విలువైనది రాత్రి దాని గొంతు. ఫోన్‌లో ఒక నిమిషం రికార్డు చేసి ఐనాచురలిస్ట్‌లోనో, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెట్టండి. పాలిపెడేట్స్ అయితే ఎండు కొయ్య మీద తట్టినట్టు టక్, టక్ టక్ అని వినిపిస్తుంది. మీరు కొండ ప్రాంతంలో ఉండి, పొదలోంచి దానికంటే సన్నగా, గోరంత కప్ప ఏదైనా పిలుస్తుంటే మాత్రం ఆ రికార్డింగ్‌ను అస్సలు చెరిపేయకండి.